అడవి అంచున వెంట్రుకవాసి కొలత

దుమ్ముగూడెమునకు, చర్లకు ఆవల గోదావరి నానుకొనియున్న అడవిపల్లెలలో నివసించు వృద్ధుడొకడు, నోటనున్న పండ్లన్నియు రాలిపోయిన పిమ్మట, దవడయెముకలో నాటిన ఇంప్లాంట్లనెడు లోహపు మేకులపై బిగించి, రాత్రివేళ తీసి నీటిలో వేయు పనిలేని పలువరుసను పెట్టించుకొనదలచినచో, భద్రాచలము చేరి, వంతెన దాటి, పాల్వంచ కొత్తగూడెముల మీదుగా సుమారు 120 కిలోమీటర్లు బస్సులో పయనించి ఖమ్మమునకు రావలెను. వచ్చిన పని ఆ పూటతో ముగియదు గనుక మరల రావలెను. కొలత తప్పినదనిన ఇంకొక పర్యాయము రావలెను. ఈ వైద్యమునుగూర్చి వ్రాయువారు ఖర్చునుగూర్చి, కోతనుగూర్చి వ్రాయుదురే కాని, దూరమును లెక్కలోనికి తీసికొనుట అరుదు. నా దృష్టిలో దూరమే ఇచ్చటి మొదటి ప్రశ్న. దంతవైద్యములో కంప్యూటరు కొలతల ప్రవేశము పట్టణవాసికి ఒక సౌకర్యము మాత్రమే కావచ్చును. అడవి అంచున నున్నవానికి మాత్రము పలువరుస మొదటిసారియే సరిగా కుదురుట అత్యావశ్యకము, ఏలనన రెండవసారి సరిచేయించుకొను అవకాశము వానికి తనకు వలసినపుడు లభింపదు.

భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇత్తురు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎగసినది. అంతటి వరద యేటేట రాకపోయినను, వానకాలమున వాగులు పొంగి, రోడ్డు మునిగి, లోపలి పల్లెలకు దారి తెగుట ఆ ప్రాంతమువారికి కొత్తకాదు. అట్టి దినములలో నోటిలోని స్క్రూ యొకటి వదులై, పలువరుస ఒక వైపున కదలుచు, ముద్ద నమలినప్పుడెల్ల టకటకలాడుచుండగా నీరు తీయువరకు వేచియుండవలసిన ముసలివాని అవస్థ నెరిగినవారు, ఆ స్క్రూ ఎందులకు వదులైనదో విచారింపక మానరు. అది చాలమారులు వైద్యుని చేతిబిగువులోని లోపము కాదు, కొలతలోని లోపము.

కొలతలోని లోపము ఇంతటి బాధకు మూలమగుటకు కారణము ఇంప్లాంటు స్వభావమునందే యున్నది. దేవుడిచ్చిన పన్ను ఎముకకు నేరుగా అతుకుకొని యుండదు. రెంటికి నడుమ సన్నని నారపొర యొకటి యుండి, నమలునప్పటి ఒత్తిడికి పంటిని కొంచెము కదలనిచ్చి, మరల యథాస్థానమునకు తెచ్చును. స్వీడను దేశీయుడగు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల తొలిభాగమున కుందేళ్ల ఎముకలలో టైటానియము గొట్టములను నిలిపి రక్తప్రసారమును పరిశీలించుచుండగా, ఆ లోహమును ఎముక తనలో కలుపుకొని విడువకుండుటను కనుగొనెను. 1965లో గోటెన్‌బర్గులో మొదటి రోగికి ఇంప్లాంట్లను నాటెను. 1982లో టొరంటోలో జరిగిన సమావేశముతో ఆయన మార్గము లోకసమ్మతమైనది. ఎముక విడువకుండుట యనునదే ఈ వైద్యమునకు బలము, అదియే దీని కాఠిన్యము గూడ. నారపొర లేని ఇంప్లాంటు, ఒత్తిడికి కొద్ది మైక్రానులు మాత్రమే జరుగును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు; మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. సహజమైన పండ్లపై కట్టిన వంతెన రవ్వంత తప్పుగా కుదిరినను పండ్లే సర్దుకొనును; ఇంప్లాంట్లు సర్దుకొనవు. అప్పుడు స్క్రూ బిగించుటతో పలువరుసను మోయు చట్రము వంగి, ఆ వంగినది మరల నిటారు కావలెనని రాత్రింబవళ్లు స్క్రూను లాగుచునే యుండును.

ఇక పూర్తి దవడ సంగతి ఒకటిరెండు పండ్ల సంగతివంటిది కాదు. పండ్లు పోయిన దవడయెముక నానాటికి కరగిపోవును; 1972లో ప్రకటింపబడిన టాల్గ్రెన్ పరిశోధన, పాతికేండ్లపాటు కొందరిని గమనించి, క్రింది దవడ పైదానికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తరుగునని తేల్చినది. అట్లు కరగిన దవడలో ఎముక మిగిలిన తావులను వెదకి, నాలుగో ఆరో ఇంప్లాంట్లను, వెనుకటి రెంటిని ఏటవాలుగా, నరమును తప్పించి నాటుదురు. నాలుగింటితోనే పూర్తి వరుసను నిలుపు పద్ధతిని లిస్బనులో పాలో మాలో బృందము రూపొందించి 2003లో ప్రకటించినది. వేర్వేరు దిక్కులకు మొగము తిప్పుకొనియున్న ఆ తలలన్నిటిపైన ఒకే చట్రము, బలవంతము లేక, ఏకకాలమున కూర్చొనవలెను. ఎడమ చివరినుండి కుడి చివరివరకు గల వంపులో ఎచ్చట తప్పినను తప్పే. ఈ కుదురుబాటునకు హద్దు పది మైక్రానులని బ్రోనెమార్క్ కోరెను. 150 మైక్రానుల వరకు సహింపవచ్చునని యెమ్ట్ అను పరిశోధకుడు 1991లో వ్రాసెను. ఈ రెంటి నడుమ ఎచ్చట గీత గీయవలెనో శాస్త్రము నేటికిని రూఢిగా తేల్చలేదు. కుదురుబాటు చాలకపోవుటచే ఎముకయే క్షీణించుననుటకు నిదర్శనములు బలముగా లేవు. కాని స్క్రూలు వదులగుట, విరుగుట, పైనున్న పింగాణి పెచ్చులూడుట వైద్యులు కన్నులార చూచునవే. చర్ల ముసలివానికి ఆ మూడింటిలో ఏ యొక్కటియైనను చాలును.

కంప్యూటరు రాకమునుపు ఈ కొలతను తీయుటలో దంతవైద్యులు చూపిన ఓర్పును తలచినప్పుడు నాకు గౌరవము కలుగును. ఒక్కొక ఇంప్లాంటు తలకు ఒక లోహపు తొడుగు బిగించి, ఆ తొడుగులనన్నిటిని ఎఱ్ఱని రెసినుతో ఒకదానితో నొకటి కలుపుదురు. రెసిను గట్టిపడునప్పుడు కుంచించుకొని తొడుగులను తన వైపునకు గుంజును. అందుచేత దానిని ఇంప్లాంటు ఇంప్లాంటునకు నడుమ పలుచని రంపపుబిళ్లతో కోసి విడదీసి, కుంచింపు తీరినపిదప, ఆ సన్నని సందులను కుంచెకొనతో తీసిన కొద్దిపాటి రెసినుతో మరల అతుకుదురు. సందు ఎంత సన్ననిదైన, రెండవమారు కుంచింపు అంత తక్కువ. ఆపైన ట్రేలో అచ్చుపదార్థము నింపి నోటనుంచి తీసి, పింగాణిరాతివంటి గట్టి ప్లాస్టరు పోసి దవడ నమూనాను చేయుదురు. ఆ నమూనా నిజమైనదో కాదో తేల్చుటకు ప్లాస్టరుతోనే ఒక పరీక్షాపట్టీని కట్టి, నోటిలో బిగించి చూతురు; ప్లాస్టరు వంగదు గనుక, కొలత తప్పియుండినచో ఫట్టున పగులును. ఇంత నిక్కచ్చియైన సాక్షి మరియొకటి లేదు. పిమ్మట మైనము, పోత, కరగించిన లోహము. పోత చల్లారునప్పుడు చట్రము మెలిక తిరుగుట, దానిని కోసి మరల అతుకుట. ప్రతి మెట్టునకు రోగి కుర్చీలో కూర్చొనియుండవలసినదే.

నోటిలోనికి పోవు చిన్న స్కానరు ఈ శ్రమనంతను తొలగించునని మొదట అందరు ఆశించిరి. 1985లో జూరిక్ నగరమున మోర్మాన్, బ్రాందెస్తీనీ యనువారు సెరెక్ యంత్రముతో ఒక పంటికి పింగాణి పూరకమును నోటి కొలతనుండి నేరుగా చెక్కి చూపినది మొదలు ఆ విద్య వేగముగా పెరిగినది. ఒక పంటికి, రెండు మూడు పండ్ల వంతెనకు దానికి సాటి లేదు. కాని పూర్తి దవడ కడ అది తడబడినది. ఏలనన స్కానరు దవడనంతను ఒక్కసారిగా చూడజాలదు. వేలిగోరంత మేర చూచి, దాని ప్రక్కన మరియొక వేలిగోరంత చూచి, రెంటిలోను సమానముగా నున్న గుర్తులను పట్టుకొని కుట్టుకొనుచు పోవును. పండ్లున్న నోట గుర్తులకు కొదువలేదు. పండ్లు లేని చిగురో, నున్నగా, తడిగా, ఎచ్చట చూచినను ఒకే తీరున నుండి, బుగ్గ కదలినప్పుడెల్ల తానును కదలును. కుట్టు కుట్టుకును కొన్ని మైక్రానులు తప్పుచు, ఈ చివర బయలుదేరిన కొలత ఆ చివరకు చేరుసరికి ఆ తప్పులన్నియు కూడి హద్దు దాటిపోవచ్చును. అయినను తెరపైని చిత్రము మాత్రము చెక్కు చెదరక, నిగనిగలాడుచు కనబడును. ప్లాస్టరు పగిలి చెప్పెడి మాటను తెర చెప్పదు. నన్ను కలవరపెట్టునది ఇదియే.

ఈ చిక్కు దంతవైద్యులకు కొత్తయే కాని, ఇదే అడవులలో రెండువందల యేండ్లకు పూర్వము భూమిని కొలిచినవారికి బాగుగా తెలిసినదే. విలియమ్ లాంబ్టన్ 1802లో మద్రాసు చేరువ పరంగికొండకడ నూరడుగుల ఉక్కుగొలుసును మరల మరల పరచి ఏడున్నర మైళ్ల మూలరేఖను కొలిచెను. దేశమునంతను గొలుసుతోనే కొలుచుచు పోయినచో ప్రతి పరపునందును దొరలు తప్పు పెరిగి కొండంత యగునని యెరిగినవాడగుటచే, ఆ పైన గొలుసును కట్టిపెట్టి, ఎత్తైన శిఖరములనుండి కోణములను మాత్రమే కొలుచుచు త్రిభుజములపై త్రిభుజములల్లుకొనుచు ఉత్తరమునకు సాగెను. 1815లో బీదరు ప్రాంతమున మరల గొలుసు దింపి, తన లెక్క నిలిచినదా లేదా యని సరిచూచుకొనెను. ఆయన సహాయకుడుగా వచ్చిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో ఆ పనిచేయుచు, అనుచరులతోకూడ అడవిజ్వరము పాలై, మరుసటి యేట ఆరోగ్యమునకై గుడ్ హోప్ అగ్రమునకు పోవలసినవాడయ్యెను. ఎవరెస్టు జ్వరపడిన అడవికిని చర్ల ముసలివాని నోటికిని ఏమి సంబంధమని పాఠకులు శంకింపవలదు. నోటి స్కానరు చేయునది గొలుసుకొలత, దానికి మందుగా వచ్చిన ఫొటోగ్రామెట్రీ చేయునది శిఖరములనుండి చూచు త్రిభుజకొలత.

ఆ విధానమున ఒక్కొక ఇంప్లాంటు తలపైన, నల్లని ముఖమున తెల్లని చుక్కలుగల చిన్న గుర్తుబిళ్లను బిగింతురు. ఏ బిళ్ల చుక్కల అమరిక దానిదే గనుక కెమెరా ఒకదానిని మరియొకటిగా పొరబడదు. ఒకటికంటె ఎక్కువ కన్నులుగల కెమెరాను నోటి వెలుపలనే పట్టి, బిళ్లలన్నియు ఒకే చూపున పడునట్లు కొద్దిసేపు త్రిప్పుదురు. ప్రతి చిత్రమునందును అన్ని ఇంప్లాంట్లకు నడుమ గల కోణములను, దూరములను లెక్కగట్టి, వందలకొలది చిత్రముల సగటును తీసి, ఏ ఇంప్లాంటు ఎచ్చట, ఏ దిక్కునకు వాలియున్నదో యంత్రము తేల్చును. ఇందు కుట్టు లేదు. లాలాజలము, నెత్తురు, కదలెడి చిగురు దీని జోలికి రావు. యెమ్టును ఆయన సహచరులును 1999లోనే దీనిని రోగులపై పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. నేడు స్పెయిను, స్విట్జర్లండు దేశములలో తయారగు కెమెరాలు ఇందులకై ప్రత్యేకముగా దొరకుచున్నవి. అయితే ఈ కెమెరా ఇంప్లాంట్లను తప్ప వేరొకదానిని చూడదు. చిగురు ఆకృతికి మరల నోటి స్కానరే కావలెను. ఆ రెండు కొలతలను కంప్యూటరులో ఒకదానిపై నొకటి సరిపుచ్చుట నేర్పరి పని. కెమెరా వెలయో మిక్కుటము. కావున చిన్న పట్టణపు వైద్యుడు, తొడుగులను రెసినుతో కలిపి పాతపద్ధతిని అచ్చు తీసి, ఆ నమూనాను మాత్రము ల్యాబులోని పెద్ద స్కానరుపై కొలిపించి, తక్కిన పనియంతయు కంప్యూటరుకు అప్పగించినచో, అది వెనుకబాటని ఎవ్వరును అనరాదు. తప్పు దొరలు తావును చేతితో కాపాడుకొని, చేయి తడబడు పోతపనిని యంత్రమున కిచ్చిన యా వైద్యుడు వివేకి.

ఇంప్లాంట్ల తావు తెలిసినంతమాత్రమున పలువరుస కాదు. రెండు దవడల నడుమ ఎత్తు ఎంత, క్రింది దవడ సహజముగా వచ్చి ఆగు చోటేది, నవ్వినప్పుడు పై పెదవి క్రింద ఎంత పన్ను కనబడవలెను, ‘స’కారము పలుకునపుడు గాలి ఈలవలె పోవునా యనునవి కెమెరాకు తెలియవు. వీనిని వైద్యుడు రోగి ముఖము చూచి, పాత పళ్లసెట్టు ఏమైన నుండినచో దానిని స్కాను చేసికొని, నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమును పరీక్షించుటకు కంప్యూటరు చేసిన గొప్ప ఉపకారము, కడపటి పలువరుసకు ముందుగా అదే రూపమున ప్లాస్టిక్కుతో చెక్కిన నమూనా వరుస. దానిని బిగించి రోగిని ఇంటికి పంపవచ్చును. “సారూ, దీంతోటి జొన్నరొట్టె కొరకొచ్చునా?” యని పెద్దవారు అడుగుదురు. “మెత్తగ నానబెట్టుకొని తిను తాతా. నెల దాటినంక యాడ గుచ్చుకుంటుందో, యాడ మెతుకు నిలుస్తుందో గుర్తుపెట్టుకొని వచ్చి చెప్పు,” అని వైద్యుడు చెప్పి పంపును. జావ త్రాగి, పప్పన్నము తిని, మనుమలతో మాటాడి, ఆ నోరు అనుభవించి చెప్పిన తీర్పు ప్రకారము ఇచ్చట కొంత అరగదీసి, అచ్చట కొంత పెంచి, మారిన రూపమును మరల స్కాను చేసినచో, కడపటి పలువరుస ఆ సవరణలన్నిటితోడను పుట్టును. పూర్వము ఈ సవరణలు సాంకేతికుని జ్ఞాపకముపై ఆధారపడియుండెడివి.

చెక్కుట సంగతి క్లుప్తముగా చెప్పుదును. టైటానియము దిమ్మనుండి అయిదు దిక్కులకు తిరుగు యంత్రము చట్రమును చెక్కును. కరగించుట లేదు గనుక చల్లారుటలో మెలిక లేదు. జిర్కోనియా యను పింగాణి యైనచో సుద్దవంటి మెత్తని దశలో, కావలసిన దానికంటె నాలుగవ వంతు వరకు పెద్దదిగా చెక్కి, సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాల్తురు. కాలి కుంచించి అసలు కొలతకు వచ్చును. పొడవైన వంపు ఆ కుంచింపులో రవ్వంత వంకరపోవచ్చును గనుక, జిర్కోనియాను ఇంప్లాంటుపై నేరుగా నిలుపక, టైటానియము పట్టీకి అతికి నిలుపుట నాకు మేలుగా తోచును.

కొలిచినవి, చెక్కినవి ఎన్ని యంత్రములైనను, తుదితీర్పు కుర్చీకడ జరుగు ఒక చిన్న పరీక్షది. వరుసను ఇంప్లాంట్లపై నుంచి, ఒక చివరి స్క్రూను మాత్రమే బిగింతురు. సరిగా కుదిరినదైనచో రెండవ చివర కదలక తన తావుననే కూర్చొనియుండును. తప్పున్నచో ఆ చివర వెంట్రుకవాసి పైకి లేచును. చిగురు క్రింద కంటికి కనబడని తావున ఎక్స్‌రే తీసి, లోహమునకు లోహమునకు నడుమ నల్లనిగీత యేమైన నున్నదా యని చూతురు. స్క్రూలను ఒక్కటొక్కటిగా చేతితో త్రిప్పునప్పుడు, అది వదులుగా తిరిగి తిరిగి ఒక్కసారిగా బిగుసుకొనుట మంచి గుర్తు. మొదటినుండియు బరువుగా తిరుగుట చెడ్డ గుర్తు. ఈ పరీక్ష జరుగకుండ ఖమ్మమునుండి ఎవ్వరిని భద్రాచలము బస్సు ఎక్కింపరాదు. ఒక్క దినమాలస్యమైనను, చట్రమును వెనుకకు పంపి మరల చెక్కించుట, అరకొర కుదిరినదానిని బలముగా బిగించి పంపుటకంటె వేయిరెట్లు దయగల పని.

ఖర్చు విషయమున నిజము చెప్పవలెను. ఒక్క దవడకే లక్షలలో నుండు ఈ వైద్యము, తునికాకు, ఇప్పపువ్వు సేకరించి బ్రతుకు కోయవారికి, కొండరెడ్లకు నేడు అందునది కాదు. అందనిదానిని చూపి ఆశపెట్టుట తగదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు, పండ్లులేని క్రింది దవడకు రెండే ఇంప్లాంట్లు నాటి, వానిపై గుండీవలె పట్టుకొను తీసిపెట్టు సెట్టు నమర్చుటయే మొదట చూపవలసిన మార్గమని ప్రకటించిరి. రెండు ఇంప్లాంట్లు, ఒక సెట్టు. స్క్రూతో బిగించు చట్రము లేదు, అంతటి సూక్ష్మపు కుదురుబాటుతో పనిలేదు. గుండీలోని నైలాను అరిగినచో మార్చుట సులభము. ఖమ్మమున మమతా దంతవైద్య కళాశాల యున్నది. ఏజెన్సీ మండలముల కొరకు భద్రాచలమున గిరిజనాభివృద్ధి సంస్థ యున్నది. 1920లో రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దేశపు మొదటి దంతవైద్య కళాశాలను తెరచిన నూరేండ్లకు, అడవికి ఇంత చేరువను ఒక కళాశాల యుండుట సామాన్యమైన భాగ్యము కాదు. కంప్యూటరు కొలతతో సెట్టును ముద్రించు విద్య చౌకపడుచున్న ఈ కాలమున, భద్రాచలములో స్కాను చేసి ఖమ్మములో తయారుచేసి పంపు ఏర్పాటు ఈ సంస్థల చేతిలోని పని. అది జరుగవలెనని నేను మనసార కోరుచున్నాను.

పూర్తి వరుసను పెట్టించుకొన్నవారు వైద్యునివద్ద రెండు వస్తువులను అడిగి తీసికొనక ఇంటికి పోరాదు. మొదటిది, తమ నోటి కొలత ఫైలు. వరుస విరిగినచో కొత్త కొలతకై పయనింపకయే, ఆ ఫైలునుండి మరియొకటి చెక్కింపవచ్చును. రెండవది ఒక కాగితము: ఇంప్లాంటు ఏ కంపెనీది, ఏ పరిమాణముది, ఇంప్లాంటునకును వరుసకును నడుమనుండు అబట్‌మెంటు ఏది, స్క్రూ ఏది, దానిని త్రిప్పు డ్రైవరు ఏది, ఎంత బిగువున బిగించిరి యను వివరములు అందుండవలెను. కంపెనీకొక డ్రైవరుండుటచే, ఆ కాగితము లేనిదే భద్రాచలపు వైద్యుడు ఎంత నేర్పరియైనను వదులైన స్క్రూను ముట్టలేడు.

ఇక శుభ్రత. వేపపుల్ల పండ్ల ముఖమును తోమును గాని, వరుసకును చిగురుకును నడుమ గల సందులోనికి పోదు. అచ్చట మెతుకు నిలిచి, చిగురు వాచి, ఇంప్లాంటు చుట్టునున్న ఎముక తరుగును. సన్నని సందుబ్రష్షుతో ప్రతిరాత్రి ఆ తావును తోముకొనవలెను, చుట్ట మానవలెను, మధుమేహమున్నవారు దానిని అదుపులో నుంచుకొనవలెను. ఏటికి రెండుమారులు వరుసను వైద్యునిచే విప్పించి శుభ్రపరపించుకొని, స్క్రూల బిగువు చూపించుకొనవలెను. గోదావరి నెరిగినవారికి ఆ రెండు తరుణములు తెలియనివి కావు: మృగశిరకార్తె ప్రవేశింపక ముందొకసారి, దసరా వెళ్లి వాగులు తీసిన పిదప నొకసారి.